లిటిల్ జాక్ హార్నర్ పెద్దయ్యాక ఏమయ్యాడంటే

ఈ సినిమా నేను మూడుసార్లు చూశా, అందులో రెండుసార్లు నా ఇష్టంతో కాదు. మొన్న ఎండాకాలం సెలవలకి మా అక్క కూతురు బుజ్జి మా ఇంట్లో పది రోజులుంది, రెండో క్లాసు అయిపోయి మూడులోకి వస్తోంది, బయట చూస్తే మాడు పగిలే ఎండ, ఫోన్ చేతికివ్వొద్దని అక్క ఆర్డరు, టీవీ మాత్రం పర్లేదంట (ఈ లాజిక్ ఏంటో నాకిప్పటికీ అర్థం కాలేదు), సరే పిల్లి బొమ్మ ఉంది కదా పిల్లల సినిమానే అయ్యుంటుందిలే అని పుస్ ఇన్ బూట్స్: ద లాస్ట్ విష్ పెట్టా. పెట్టిన కాసేపటికే ఆ పిల్లి చచ్చిపోయింది. బుజ్జి నా వైపు చూసింది. నేను టీవీ వైపు చూశా.

కంగారేం లేదు, ఇంగ్లీషోళ్ళ లెక్కలో పిల్లికి తొమ్మిది ప్రాణాలు. మనకైతే పిల్లి ఎదురొస్తే కాసేపు కూర్చుని నీళ్ళు తాగి బయల్దేరడం తప్ప దాని ప్రాణాల లెక్క మనమెప్పుడూ పెట్టుకోలేదు. ఈ పుస్ అనే పిల్లి 2004లో ష్రెక్ రెండో భాగంలో మొదటిసారి కనిపించింది, కళ్ళు పెద్దవి చేసి టోపీ పట్టుకుని చూసే ఆ చూపు ఇప్పటికీ స్టిక్కర్ల రూపంలో మన వాట్సాప్‌లో తిరుగుతోంది. 2011లో దానికి సొంత సినిమా వచ్చింది, మళ్ళీ 2022 డిసెంబర్‌లో ఇది. ఇందులో కథ ఏంటంటే ఎనిమిది ప్రాణాలు సరదాకి ఖర్చు పెట్టేశాడు, ఇంకోటే మిగిలింది, మొదటిసారి భయం తెలిసింది. ఎక్కడో అడవిలో ఒక నక్షత్రం పడింది, అది ఒక్కటంటే ఒక్క కోరిక తీరుస్తుంది, దానికో మ్యాప్ ఉంది, ఆ మ్యాప్ చేతులు మారి చివరికి ఒక పెద్ద మాఫియా డాన్ దగ్గరికి చేరుతోంది. వాడి దగ్గర్నుంచి దాన్ని కొట్టేయాలి. మన పిల్లి వెళ్తుంది, అదే టైమ్‌కి పాత ప్రియురాలు కిటీ కూడా అదే కొట్టేయడానికి వచ్చి ఉంటుంది, వెనకాలే ఇంగ్లీషు పిల్లల కథలోని గోల్డీలాక్స్ అనే పిల్ల, దాని మూడు ఎలుగుబంట్లు. మొత్తానికి దొంగ ఇంట్లో దొంగలు పడటం.

ఈ డాన్ పేరు జాక్ హార్నర్. బిగ్ జాక్ హార్నర్. లిటిల్ అంటే వాడికి మండుద్ది.

ఆ పేరు వినగానే నేను సోఫాలో లేచి కూర్చున్నా. ఎందుకంటే ఈ జాక్ హార్నర్ మనోడే. అంటే మా ఎల్‌కేజీలో చేతులు కట్టుకుని, ఊగుతూ, ఒక్క ముక్క అర్థం కాకుండా అప్పజెప్పిన రైమ్‌లో వాడు. మా ఊరి కాన్వెంట్‌లో ఆ రైమ్ చెప్పించిన మిస్‌కి కూడా క్రిస్మస్ పై అంటే ఏంటో తెలిసుంటుందని నేననుకోను. నా మటుకు నాకు పై అంటే బొబ్బట్టు లాంటిది, ప్లమ్ అంటే బొమ్మలో ఊదారంగులో ఉంది కాబట్టి నేరేడుపండు. బొబ్బట్టులో నేరేడుపండు ఎవడు పెడతాడు అనే డౌట్ వచ్చేది కానీ ఇంగ్లీషు కదా పెడతారేమోలే అనుకునేవాణ్ణి. (పెద్దయ్యాక తెలిసింది, పై అంటే పిండి పొరల్లో ఏదో ఒకటి కూరి కాల్చేదంట, పైగా ఆ కాలంలో ఇంగ్లీషోళ్ళు ఎండుద్రాక్షని కూడా ప్లమ్ అనే అనేవాళ్ళంట, అంటే అసలు పండే కాకపోవచ్చు, అంతా పోయింది.)

ఇప్పుడు ఆ రైమ్‌ని ఒకసారి విలన్ కళ్ళతో చూడండి. పిల్లాడు మూలన ఒక్కడే కూర్చున్నాడు. పండగ పూట. చేతిలో పై ఉంది, ఎవరికీ పెట్టలేదు. స్పూను వాడలేదు, బొటనవేలు గుచ్చాడు. అందులో మంచి ముక్క ఏదో అదే లాగాడు. లాగాక, పక్కన మెచ్చుకునేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి, నేనెంత మంచి పిల్లాణ్ణో అని తనకి తనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాడు. మన ఇళ్ళల్లో అయితే ఇలా పక్కవాడికి పెట్టకుండా మూలకెళ్ళి తినే పిల్లాణ్ణి అమ్మమ్మలు ఏమనేవాళ్ళో మీకు తెలుసు. ఆ సినిమా రాసినవాళ్ళు పెద్దగా కష్టపడలేదనిపించింది నాకు, ఆ నాలుగు లైన్లలోనే క్యారెక్టర్ మొత్తం ఉంది, ఆ పిల్లాడికి వయసు పెంచారు, సైజు పెంచారు, ఆ పై దుకాణాన్ని ఫ్యాక్టరీ చేశారు, అంతే. బొటనవేలు మాత్రం అలాగే ఉంచారు, నేరేడుపళ్ళు తిన్న నాలుకలాగా ఊదారంగులో, ఎప్పటికీ పోని మరక. ఆ డిజైన్ చేసినవాడికి దండం.

ఇంకో తమాషా ఉంది. ఈ రైమ్ వెనక ఇంగ్లండ్‌లో ఒక పాత కథ చెప్తారు. ఎనిమిదో హెన్రీ రాజు మఠాలన్నీ మూసేసి ఆస్తులు లాక్కుంటున్న రోజులు. సోమర్‌సెట్‌లో గ్లాస్టన్‌బరీ మఠం, దానికి పెద్ద రిచర్డ్ వైటింగ్ అనే ఆయన. రాజుని మంచి చేసుకుందామని పన్నెండు ఊళ్ళ భూముల దస్తావేజులు ఒక పెద్ద పైలో దాచి, నమ్మకస్తుడు కదా అని తన దగ్గర పనిచేసే హార్నర్ చేతికిచ్చి లండన్ పంపించాడంట. దస్తావేజులు పిండిలో పెట్టి కాల్చడం ఏంటో నాకు అర్థం కాదు కానీ దారిలో దొంగల భయం అంటారు. దొంగల భయమా? దొంగ చేతికే ఇచ్చాడు కదా. ఈ హార్నర్ దారిలో పై మూత లేపి, మెల్స్ అనే ఊరి దస్తావేజు ఒకటి లాగేసుకున్నాడని కథ. ప్లమ్ అంటే ఆ కాగితమే అన్నమాట. వైటింగ్‌ని 1539లో అక్కడే టార్ అనే కొండ మీద చంపేశారు, అది మాత్రం చరిత్ర. హార్నర్ వంశం మెల్స్‌లో తరతరాలు ఉన్నదీ నిజమే, మేం డబ్బులిచ్చి కొనుక్కున్నాం మహాప్రభో అని ఆ కుటుంబం వాళ్ళు ఎప్పట్నుంచో చెప్తూనే ఉన్నారు. కాగితాలున్నాయంటారు. కబ్జా చేసినవాడి దగ్గర కాగితాలుండకపోవడం నేనైతే మన వైపు ఎప్పుడూ వినలేదు, కానీ పాపం వాళ్ళు నిజంగానే కొనుక్కుని ఉండొచ్చు, పైలో దస్తావేజుల కథ చాలా తర్వాత పుట్టిందని చాలామంది అంటారు. ఏదేమైనా దొంగలూ దొంగలూ కలిసి ఊళ్ళు పంచుకున్నారనే మన సామెతకి ఇంతకంటే మంచి బొమ్మ ఇంకోటి దొరకదు. ఎల్‌కేజీ పిల్లలతో మనం చదివించింది ఒక ల్యాండ్ స్కామ్ అన్నమాట.

సరే సినిమాకి వద్దాం. జాక్‌కి ఒక గ్యాంగ్ ఉంటుంది, పేరు బేకర్స్ డజన్. బేకర్స్ డజన్ అంటే పదమూడు. పాతకాలం ఇంగ్లండ్‌లో రొట్టె తూకం తగ్గితే చట్టప్రకారం శిక్ష పడేది కాబట్టి, ఎందుకొచ్చిన గొడవ అని పన్నెండుకి ఇంకోటి కలిపి ఇచ్చేవాళ్ళంట. అంటే కొసరు. కొసరు అనే మాట ఉన్న భాషలో పుట్టాం కాబట్టి మనకి ఈ జోకు వాళ్ళకంటే బాగా అందుద్ది, ఎందుకంటే జాక్ దృష్టిలో ఆ పదమూడో వాడొక్కడే కాదు, పదమూడు మందీ కొసరే. ఒకడు పోతే ఇంకోడు. వాళ్ళు పడిపోతారు, అడవి మింగేస్తుంది, కొంతమంది ఈయన చేతిలోనే పోతారు. ఒకచోట ఈయన బాణం గురి తప్పి సొంత మనిషికే తగులుద్ది, దానికి ఈయన రియాక్షన్ మనం షర్టు మీద చట్నీ పడితే అనుకునేంత కూడా ఉండదు.

ఇక్కడ నాకొక ఇబ్బందైన విషయం జరిగింది, అది చెప్పడానికే సగం ఈ పోస్టు. ఆ బాణాలు మామూలు బాణాలు కాదు, యూనికార్న్ (నుదుటి మీద ఒంటికొమ్ము ఉండే కథల్లో గుర్రం) కొమ్ములు. అవి తగిలితే మనిషి రంగు కాగితాల ముక్కలైపోతాడు, పుట్టినరోజు ఫంక్షన్లో పేల్చే పేపర్ బాంబులాగా ఫట్‌మని. రక్తం లేదు, అరుపు లేదు. బుజ్జి పకపకా నవ్వింది. నేనూ నవ్వా. రెండోసారి చూసినప్పుడు కూడా నవ్వా. మూడోసారి మాత్రం ఎందుకో అసలు ఈ పదమూడు మంది ఎక్కడెక్కడ పోయారో లెక్కపెడదామని బుద్ధి పుట్టి వేళ్ళు మడుచుకుంటూ కూర్చున్నా. మధ్యలో ఎక్కడో లెక్క తప్పింది. వెనక్కి తిప్పుదాం అనుకుని, మళ్ళీ బద్ధకించి వదిలేశా. అప్పుడు అనిపించింది, జాక్ కూడా ఇంతే కదా. వాడూ లెక్కపెట్టలేదు, నేనూ పెట్టలేదు, నా పక్కన మిక్చర్ తింటున్న బుజ్జీ పెట్టలేదు. చివరికి నక్షత్రం దగ్గరికి వెళ్ళేసరికి వాడి వెనక ఒక్కడూ మిగల్లేదని మనం గమనించను కూడా గమనించం. ఆ డైరెక్టర్ జోయెల్ క్రాఫర్డ్ అనే ఆయన కావాలనే చేశాడో లేదో నాకు తెలీదు కానీ మనల్ని హాయిగా బాస్ కుర్చీలో కూర్చోబెట్టేశాడు.

వాడి దగ్గరున్న సరుకు గురించి చెప్పకపోతే అన్యాయం. అద్భుతమైన వస్తువుల పిచ్చి వీడికి. కథల్లో మనం విన్న ప్రతి మాయ వస్తువూ వాడి గోదాంలో ఉంటుంది, ఎంత పెట్టినా నిండని ఒక సంచి ఉంటుంది, అందులో కుక్కుకుని బయల్దేరతాడు. కానీ ఒకటి గమనించండి, ఒక్కటంటే ఒక్కటి దాని పనికి వాడడు. ఎక్స్‌కాలిబర్ కత్తి, రాయిలో దిగి ఉంటుంది, అర్హత ఉన్నవాడే లాగగలడు, ఆర్థర్ రాజు కథ. వీడికి రాలేదు. రాకపోతే సిగ్గుపడాలి కదా, పడడు, రాయితో సహా ఎత్తి రోకలిబండలాగా జనాన్ని బాదుతాడు. ఫీనిక్స్ పక్షి, చచ్చి బూడిదలోంచి మళ్ళీ పుట్టే పక్షి, దాన్ని మెడ పట్టుకుని పెట్రోమాక్స్ లైటు పంపు కొట్టినట్టు నొక్కుతూ మంటలు కక్కిస్తాడు. మన వైపు కొంతమంది ఇళ్ళల్లో షోకేసులో వీణ ఉంటుంది చూశారా, ఒక్కరికీ వాయించడం రాదు, దాని మీద కీచైన్లు వేలాడుతుంటాయి, అది గుర్తొచ్చింది నాకు. వాడికి మాయ అక్కర్లేదు, మాయ తన దగ్గర ఉండటం కావాలి. వాడి కోరిక కూడా అదే, ప్రపంచంలో ఉన్న మాయ మొత్తం తన చేతికిందకి రావాలి, ఇంకెవరి దగ్గరా ఉండకూడదు. ఏం చేసుకుంటావురా అని అడిగితే వాడి దగ్గర సమాధానం ఉండదనే నా నమ్మకం.

బుజ్జి అదే అడిగింది. రెండోసారి చూస్తున్నప్పుడు, "మామయ్యా, వీడెందుకు చెడ్డోడయ్యాడు?"

నేను తెలుగు సినిమాలు చూసి పెరిగినవాణ్ణి కదా, వెంటనే "చిన్నప్పుడు ఏదో జరిగుంటుందే, ఆగు, చూపిస్తారు" అన్నా. చూపించారు. ఫ్లాష్‌బ్యాక్ వచ్చింది. చిన్న జాక్ స్టేజీ మీద తన రైమ్‌తో షో చేస్తుంటే జనం చూస్తుంటారు, ఇంతలో పక్కన పినోకియో వస్తాడు, కొయ్యబొమ్మ మాట్లాడుతోంది డాన్స్ చేస్తోంది అని జనమంతా అటు లేచిపోతారు. అదీ కడుపుమంట. హమ్మయ్య కారణం దొరికింది అనుకునేలోపే వాడే చెప్తాడు, తనకి ఉన్నదల్లా ప్రేమగా చూసుకునే అమ్మానాన్న, పెద్ద బంగళా, వారసత్వంగా వచ్చే బేకరీ వ్యాపారం, ఇలాంటి పనికిమాలినవేనని. నేను వెంటనే నవ్వలేదు, ఒక సెకను ఆగి నవ్వా, ఆ ఒక్క సెకనులో పాపం అనడానికి నోరు తెరిచి ఉన్నా కాబట్టి. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారే, అది.

సినిమాలో ఒక చిన్న మిడత లాంటి పురుగు ఉంటుంది, ఆ సంచిలోంచి బయటకొస్తుంది, కీచురాయి అనుకోండి. పినోకియో కథలో బుద్ధులు చెప్పే కీచురాయి ఉంటుంది కదా దానికి పేరడీ, పాత హాలీవుడ్ నటుడు జేమ్స్ స్టూవర్ట్ గొంతు లాగా నత్తినత్తిగా మంచిగా మాట్లాడుతుంది. (1883లో వచ్చిన ఇటాలియన్ పుస్తకంలో అయితే పినోకియో ఆ కీచురాయిని సుత్తి విసిరి చంపేస్తాడు. డిస్నీ వాళ్ళు 1940లో దాన్ని బతికించి హీరో ఫ్రెండ్‌ని చేశారు. పుస్తకాలు చాలా ఘోరంగా ఉండేవి అప్పట్లో.) ఈ కీచురాయి సినిమా మొత్తం జాక్ భుజం మీద ఎక్కి కూర్చుని వాడిలో మంచి ఎక్కడుందా అని వెతుకుతుంది. లోపల ఎక్కడో మంచోడివే కదా, చిన్నప్పుడు ఏం జరిగింది చెప్పు నాయనా, ఇలా. జాక్ ఇంకో ఇద్దర్ని చంపుతాడు. కీచురాయి ఇంకో మంచి ప్రశ్న అడుగుతుంది. చివరికి దానికి ఓపిక పోయి నువ్వు బాగుపడే రకం కాదని మొహం మీదే అరుస్తుంది, దానికి జాక్ బాధపడడు, ఇన్నాళ్ళు పట్టిందా నీకు అన్నట్టు చూస్తాడు.

ఆ కీచురాయి ఎవరో కాదు, నేనే. మనమే. మనకి విలన్ అంటే ఫ్లాష్‌బ్యాక్ కావాలి. గత ఇరవై ముప్ఫై ఏళ్ళలో మన విలన్లని చూడండి, నాన్నని కళ్ళముందే నరికారు, అమ్మకి ఆస్పత్రిలో డబ్బుల్లేవు, ఊరు వెలేసింది, ఇంటర్వెల్ తర్వాత పది నిమిషాలు బూడిదరంగు ఫిల్టరు, వర్షం, ఏడుపు వయొలిన్. ఈమధ్య అయితే హీరోకి కూడా ఇదే ఫ్లాష్‌బ్యాక్, ఇద్దర్నీ మార్చినా తేడా తెలీదు. నేను వద్దనట్లేదు, కొన్ని చాలా బాగుంటాయి. కానీ ఇది మనకి ఎప్పట్నుంచి అలవాటైంది? 1951లో పాతాళభైరవి. కె.వి. రెడ్డి గారి సినిమా. ఎస్వీ రంగారావు నేపాళ మాంత్రికుడు. అందులోనూ ఇదే కథ కదా అసలు, అడిగింది ఇచ్చే ఒక బొమ్మ, దాని కోసం పరుగు, ఒకడి చేతిలోంచి ఇంకోడు కొట్టేయడం. ఆ మాంత్రికుడి బాల్యం ఎలా గడిచిందో మా తాతయ్య ఎప్పుడూ అడగలేదు. ఆ గడ్డం, ఆ గొంతు, ఆ నవ్వు చాలు. వాడికి కావాలి, అంతే. ఇంకా నిజం చెప్పాలంటే మాంత్రికుడు జాక్ కంటే నయం, సొంతంగా విద్య నేర్చుకున్నాడు, జాక్‌కి ఆ కష్టం కూడా లేదు, వాళ్ళ నాన్న సమోసాల షాపు లాంటిది ఇచ్చిపోతే దాని మీద వచ్చిన డబ్బులతో మాంత్రికుడైపోదామని చూశాడు.

బుజ్జికి ఇదంతా చెప్పలేదులెండి. "ఏం జరగలేదే వాడికి" అన్నా. అది కాసేపు ఆలోచించి "అయితే ఊరికే చెడ్డోడా?" అంది. అవునన్నా. పర్లేదు, దానికి అర్థమైంది, వాళ్ళ క్లాసులో కూడా అలాంటోడు ఒకడున్నాడంట, అందరి ఎరేజర్లూ వాడి బాక్సులోనే ఉంటాయంట.

దీనికి రెండో వైపు పెర్రీటో. పుస్ వెంట తిరిగే కుక్కపిల్ల. ఈ సినిమాలో అసలైన ఫ్లాష్‌బ్యాక్ ఉన్నది దానికి. పుట్టగానే దాన్ని పెంచుకున్నవాళ్ళు వదిలించుకుందామని ఒక సాక్సులో వేసి, బరువుకి రాయి కూడా వేసి, నదిలో విసిరేశారు. ఇది ఆ కథని నవ్వుతూ చెప్తుంది, వాళ్ళు నాతో దాగుడుమూతలు ఆడారు, ఆ రోజు నాకు ఫ్రీగా స్వెట్టర్ కూడా వచ్చింది అని, ఒంటి మీద ఆ సాక్సే వేసుకుని తిరుగుతుంటుంది. నాకు అక్కడ గొంతులో ఏదో అడ్డం పడింది, మిక్చర్ కాదు. మన ఫ్లాష్‌బ్యాక్ రూల్ ప్రకారం ఈ కుక్కపిల్ల డాన్ అవ్వాలి, జాక్ అనాథాశ్రమానికి విరాళాలివ్వాలి. ఆ మ్యాప్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకి తగ్గ దారి చూపిస్తుంది, పుస్ పట్టుకుంటే అగ్నిలోయలు, కిటీ పట్టుకుంటే ఏడుపు కొండలు, పెర్రీటో పట్టుకుంటే పూలతోట. పూలు వాసన చూస్తూ వెళ్ళిపోవడమే. దానికి కోరికే లేదు, అందుకని దారి సులువు. మిగతావాళ్ళందరికీ ఏదో ఒకటి తక్కువైంది, పిల్లికి ప్రాణాలు, కిటీకి నమ్మకం, గోల్డీకి కుటుంబం. తక్కువైనవాళ్ళు ఒక్కొక్కరుగా ఆ కోరిక వదిలేసుకుంటారు. ఏదీ తక్కువ కానివాడు ఒక్కడే ఆఖరిదాకా పట్టుకు వేలాడతాడు.

ఇంటర్నెట్‌లో మాత్రం ఎక్కడ చూసినా ఈ సినిమాలో తోడేలు గురించే. అర్థం చేసుకోగలను, ఆ ఈల ఉంది చూశారూ, బుజ్జి నా చెయ్యి పట్టుకుని గోళ్ళు దింపింది. మృత్యువే తోడేలు రూపంలో వస్తుంది, ఎర్రటి కళ్ళు, రెండు కొడవళ్ళు. దాని ముందు జాక్ కమెడియన్‌లాగా ఉంటాడని, సినిమాలో విలన్లు ఎక్కువయ్యారని, గోల్డీ ఒక పక్క జాక్ ఒక పక్క తోడేలు ఒక పక్క అని కంప్లైంట్లు చదివా. కొంత నిజమే, మధ్యలో ఇరవై నిమిషాలు ట్రాఫిక్ జామ్ లాగే ఉంటుంది. కానీ తోడేలుని విలన్ అనడం నాకు ఒప్పదు. ఆయన డ్యూటీలో ఉన్నాడు, కాస్త ముందొచ్చాడు అంతే. ఆఖర్లో పిల్లి భయం పోయి నిలబడితే వదిలేసి వెళ్ళిపోతాడు కూడా. మన యముడు సావిత్రితో మాట్లాడి మాట్లాడి వరాలిచ్చి వెళ్ళినట్టు. యముడితో మాట్లాడొచ్చు, జాక్‌తో మాట్లాడలేం. ఇందులో గమ్మత్తు చూడండి, తోడేలుకి గొంతిచ్చింది వాగ్నర్ మౌరా, నార్కోస్ సిరీస్‌లో పాబ్లో ఎస్కోబార్‌గా వేసిన ఆయన, అంటే నిజమైన డాన్ గొంతు మృత్యువుకి వెళ్ళింది. డాన్‌కి మాత్రం జాన్ ములేనీ అనే స్టాండప్ కమెడియన్ గొంతు. ఆ గొంతులో ఎక్కడా బెదిరింపు ఉండదు, బేకరీ కౌంటర్ దగ్గర బోరు కొట్టి ఫోన్ చూసుకుంటున్న ఓనరు కొడుకు గొంతు. అందుకే పని చేసింది. ఆ గొంతులో కొంచెం గాంభీర్యం ఉన్నా మనం మళ్ళీ లోతు వెతికేవాళ్ళం.

ఆఖర్లో ఏవో బిస్కెట్లు తిని కొండంత పెరిగి, మ్యాప్ చిరిగిపోయి, నక్షత్రం కూలిపోతూ వాణ్ణి లోపలికి లాగేస్తుంటే, అప్పుడు కూడా వాడికి డౌటే, నేను ఇంత పాపం ఏం చేశాను, స్పెసిఫిక్‌గా చెప్పండి అన్నట్టు. వాడు నిజంగానే అడుగుతున్నాడు, వెటకారం కాదు. పదమూడు మంది గుర్తు కూడా లేరు.

ఇక నాకు బాగా నవ్వొచ్చిన విషయం సినిమాలోది కాదు. 2023 మార్చి 13, సోమవారం తెల్లారుజామున మనమంతా ఎందుకు లేచామో గుర్తుందిగా, నాటు నాటు. నేను ఆ రోజు ఆఫీసుకి లేటు, మేనేజర్ కూడా లేటు కాబట్టి గొడవ లేదు. రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ స్టేజీ మీద పాడటం, కీరవాణి గారు, చంద్రబోస్ గారు అవార్డు తీసుకోవడం, అవన్నీ చూశా. అదే షోలో యానిమేషన్ సినిమాకి ఇచ్చే అవార్డుకి ఈ పిల్లి సినిమా కూడా పోటీలో ఉంది, అప్పుడు నేను పట్టించుకోలేదు, మన పాట ఎప్పుడొస్తుందా అని టీ మరిగిస్తూ కూర్చున్నా. మొన్న బుజ్జి వెళ్ళిపోయాక ఊరికే వెతికితే తెలిసింది, ఈ పిల్లి సినిమా ఓడిపోయింది. ఎవరి చేతిలో ఓడిపోయిందో తెలుసా? పినోకియో. గీయెర్మో దెల్ తోరో తీసిన పినోకియో. మళ్ళీ ఆ కొయ్యబొమ్మే. స్టేజీ మీద జాక్ నిలబడి ఉన్నాడు, జనం మళ్ళీ అటు లేచిపోయారు. అక్కకి ఫోన్ చేసి మరీ చెప్పా, అక్కకి ఏమీ అర్థం కాలేదు, "పిల్లకి అన్నం పెట్టావా లేదా ఆ పది రోజులూ" అంది.

పెట్టాను. అన్నమే కాదు, వెళ్ళే ముందు రోజు పై అంటే ఏంటో చూపించమని గొడవ చేస్తే మా సందు చివర బేకరీకి తీసుకెళ్ళా. అక్కడ పై ఎక్కడ దొరుకుద్ది, ఎగ్ పఫ్‌లు, క్రీమ్ బన్నులు, దిల్‌పసంద్. దిల్‌పసంద్ ఒకటి కొని సగం సగం చేద్దామన్నా. బుజ్జి మొత్తం ముక్క పట్టుకుని, బేకరీ మూల బల్ల దగ్గరికి వెళ్ళి, గోడ వైపు తిరిగి కూర్చుని, బొటనవేలు గుచ్చి ఎర్రటి టూటీఫ్రూటీ ముక్క ఒకటి లాగింది. వేలు చూసుకుంది. ఊదారంగు కాదు కాబట్టి తను విలన్ కాదంట. కౌంటర్ దగ్గర అబ్బాయి నవ్వుతున్నాడు. నా సగం మాత్రం నాకివ్వలేదు.